వేరే డబ్బా కావాల్నా?

ఎల్లారెడ్డి దగ్గరి తండాలకు మొదటి మైకుసెట్టు తెచ్చింది భీమ్‌సింగే. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు చెప్పేది కూడా ఆయనే. చదివింది ఊరి బడిల ఐదో తరగతే గని, ఆయన బూరలు మోగని పెండ్లి ఆ చుట్టుపక్కల లేదు.

రెండువేల పన్నెండుల కోడలు మాలతి పాత క్యాసెట్ల పాటలన్నీ కంప్యూటర్లకు ఎక్కించింది. కామారెడ్డి దుకాణదారు సలీమ్, "మంచిగ మోగాలంటే స్ట్రీమర్ అని, కంప్యూటర్ల పాటలు తీసి బూరలకు పంపే వేరే డబ్బా కావాలె అన్నా. ఆంప్లిఫైయర్ గూడ దాన్లనే ఉంటది. పాత ఆంప్లిఫైయర్ నాకిచ్చి ఇది తీస్కో" అని, విని చూడమని ఒకటి ఇచ్చి పంపిండు. ఇన్నేండ్లు అన్నం పెట్టిన ఆంప్లిఫైయర్‌ను ఇచ్చేయాలంటే భీమ్‌సింగ్‌కు పాణం ఒప్పలేదు.

పెండ్లి పందిట్ల మోత సరిచూసేటప్పుడు చేసినట్టే చేసిండు. మక్కచేను గట్టు దాకా పోయి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డడు. మాలతి ఒకే పాటను, ఏది ముందో చెప్పకుండ, ఒకసారి డబ్బాతోని, ఒకసారి కంప్యూటర్ నుంచి పాత ఆంప్లిఫైయర్‌కు వైరు పెట్టి నేరుగ వినిపించింది.

"డబ్బాది ఏది, మామా?"

"మొదటిది."

"కాదు, రెండోది."

"మల్ల వెయ్యి."

మల్ల తప్పే చెప్పిండు.

"జిల్లా మొత్తం మెచ్చిన చెవులు గదా" అని మాలతి ఎత్తిపొడిచింది.

"ఈ చెవులకే తెల్వని తేడా ఇంకెవలికి తెలుస్తది బిడ్డా? వైరే చాలు" అన్నడు భీమ్‌సింగ్. తప్పు చెప్పి అంత సంతోషపడ్డది ఆయన బతుకుల అదే మొదలు. మరునాడు పొద్దున బస్సుకే పోయి డబ్బా సలీమ్ చేతుల పెట్టి వచ్చిండు.