మా అవ్వ మార్చిన స్కిట్టు

మా చిన్నప్పుడు... ఆదివారం టీవీలో హిందీ సినిమా వస్తే, మాకు కథ విడమరిచి చెప్పేది హిందీ ముక్క రాని మా అవ్వే!

"గామె మెట్ల మీదికెళ్లి దిగుతాంది జూడు... గిప్పుడామెకు కష్టమొస్తది" అనేది. వచ్చేది. "గీ పిలగాడు పాట పాడిండంటే పిల్ల దొరికినట్టే" అనేది. దొరికేది! నేనూ తమ్ముడూ నోరెళ్లబెట్టేవాళ్లం.

మాది మర్రిగూడ దగ్గర పల్లె. గొర్లు కాసే ఇల్లు. అవ్వ అంటే మా నాయనమ్మ, బాపు తల్లి. ఒకప్పుడు మందను ఒంటిచేత్తో గుట్ట దాటించిన మనిషట... నాకు ఊహ తెలిసేసరికే నడుము వంగిపోయింది. మోకాళ్లు వంకర తిరిగాయి. మా బోరునీళ్లలోని ఫ్లోరైడ్ మహిమ అది. ఊళ్లో ఎంతోమంది పెద్దవాళ్లు అట్లాగే నడిచేవాళ్లు కాబట్టి, ఆ నడక మాకు వింతగా ఉండేది కాదు.

ఒకరోజు హిందీ కామెడీ ప్రోగ్రాం వస్తోంది. ఒక ముసలి పనిమనిషి కుంటుకుంటూ వస్తే, ఇంట్లోవాళ్లంతా ఆమె వెనకే కుంటుతున్నారు. టీవీలోంచి ఒకటే నవ్వులు... మేమూ పడీ పడీ నవ్వాం. అవ్వ నవ్వలేదు.

"సినిమాల ఏడ్సేటోళ్లంత మేడలోళ్లు... గీ నవ్వులాటల తన్నులు తినేటోళ్లంత మనసొంటోళ్లు. గిదేం నాయమే?" అంది. ఆగి మళ్లీ అడిగింది... "గా నవ్వేటోళ్లు అగుపడరేందే?"

"మనుషులు కాదవ్వా, మిషన్ల నవ్వు" అన్నాను. "గట్లనా... అందుకే సిగ్గులేకుంట నవ్వుతాంది" అంది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అనుకుంటా... నేను ఏడో తరగతి. బడి వార్షికోత్సవానికి హిందీ సారు స్కిట్టు రాశారు. పక్క జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మంచి మనిషి. టీవీ కామెడీ అంటే ఆయనకు ప్రాణం. పట్నంలో ఒక గొప్పింటి కథ... ఆ ఇంట్లో పల్లెటూరి ముసలి పనిమనిషి. ఆ వేషం నాది!

"నడుం వంచి, మోకాళ్లు ఎడంగా పెట్టి నడువమ్మా. వెనకనే ఆ ఇంటివాళ్లంతా నీలాగే నడుస్తారు. జనం నవ్వి నవ్వి చస్తారు" అన్నారు సారు.

చూడటానికి ఊరంతా వస్తుంది. ముందు వరుసలో మా అవ్వ కూర్చుంటుంది. అవ్వ ఎదుట, అవ్వ నడక నడిచి, ఊరిని నవ్వించాలా? ఇంటికొచ్చి అవ్వ ఒడిలో తలపెట్టి ఏడ్చేశాను. నేను చెయ్యనంటే చెయ్యనన్నాను.

అవ్వ కథంతా విన్నది. కోపం రాలేదు. పైగా కళ్లు మెరిశాయి!

"నీ ఎన్క ఎంతమంది వంగి నడుస్తరే?"

"నలుగురవ్వా."

"వంగి, వరుసగ, ఒగలెన్క ఒగలు... ఏందియి? గొర్లు గాదా? పిచ్చిదానా, తోలు వాటిని!"

ఆ సాయంత్రం వాకిట్లో నాకు ట్రైనింగ్ మొదలైంది. నాలుక ఆడించి "డుర్ర్ర్..." అనడం, కట్టె అడ్డం పెట్టి మందను మళ్లించడం, దవడ పట్టి పండ్లు చూసి గొర్రె వయసు చెప్పడం... మందలో తమ్ముడే గొర్రె! మర్నాడు సారుకు చెప్తే బుర్ర గోక్కున్నారు. "సరే, చేసి చూపించు" అన్నారు. చూసి కుర్చీలోంచి జారినంత పని చేశారు.

ఆ రోజు రానే వచ్చింది. అవ్వ గొంగడి భుజాన వేసుకుని, అవ్వ కట్టె పట్టుకుని స్టేజీ ఎక్కాను. నడుము వంచి నాలుగడుగులు వేశాను... ఒక్కరు నవ్వితే ఒట్టు! వంకర మోకాళ్ల పెద్దలంతా ముందే కూర్చున్నారు. నా వెనక గొప్పింటి నలుగురూ వంగి నడవడం మొదలుపెట్టారు.

అప్పుడు గిర్రున తిరిగాను. "డుర్ర్ర్... నా గొర్లు పట్నంల ఉన్నయా! ఇన్నొద్దులు యాడ మేసిండ్రే మీరు?" అన్నాను. కట్టె అడ్డం పెట్టి నలుగురినీ మూలకు తోలాను. గొప్పింటి యజమాని దవడ పట్టి నోరు తెరిపించి, "గీనికి పండ్లన్నీ అరిగినయ్... సంతల ఎవ్వడు కొనడు!" అన్నాను.

అబ్బ... ఆ నవ్వు! పెద్దమనుషులు కట్టెలతో నేల కొట్టి మరీ నవ్వారు. ఎవరో వెనక నుంచి "ఉన్ని గూడ కత్తిరియ్యే!" అని అరిచారు. ఈలలు, చప్పట్లు... ముందు వరుసలో మా అవ్వ, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వుతోంది. నాకు ఫస్ట్ ప్రైజు స్టీలు గిన్నె ఇచ్చారు. దాన్ని ఇంటికి నేను మోయలేదు... దారి పొడుగునా అందరికీ చూపిస్తూ అవ్వే మోసింది.

"గియ్యాల మిషన్ నవ్వలేదే బిడ్డా... మనుషులు నవ్విండ్రు" అంది.

ఇప్పుడు మా ఊరికి కృష్ణా నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. పిల్లల కాళ్లు నిటారుగా ఉన్నాయి. ఆ నడక ఇక ఎవరికీ రాకూడదు. కానీ ఊరంతా ఒక్కచోట కూర్చుని నవ్వడం కూడా పోయింది... ఎవరి ఫోన్లో వాళ్ల నవ్వు.

అవ్వ మాత్రం మారలేదు. నేను రీల్ చూసి నవ్వితే చాలు, ఆ గిన్నెలో అన్నం కలుపుతూనే అడుగుతుంది... "ఎవల మీద నవ్వుతున్నవే?"

ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి చూసుకుంటాను. మీ ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఇట్లాంటి ప్రశ్న అడిగినవాళ్లు ఎవరు? చెప్పండి... మా అవ్వకు చదివి వినిపిస్తాను.