గున్నమ్మ వలలో ఎంపీ గారి వాటా

గున్నమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మొగలిపాలెంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. నరసన్నపేట చేపల బజారులో బేరమాడేటప్పుడు ఆమె అరుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది గానీ అది వ్యాపారం, కోపం కాదు. మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టిందంటే మాత్రం ఎదుటివాడు చెప్పులు వెతుక్కోవలసిందే. అలాంటి మనిషి ఒక ఎంపీ గారితో మెల్లగా మాట్లాడవలసి వచ్చింది. ఆయన నేను కల్పించిన మనిషి, ఫలానా వారని ఎవరూ వెతకనక్కర్లేదు. నా కోపం మాత్రం కల్పించుకున్నది కాదు.

గున్నమ్మ మొగుడు పోతూ పోతూ ఆమెకు ఒక అలివి వల మిగిల్చాడు. పడవ ఆ వలను సముద్రంలో వంపుగా చుట్టి వదిలి వస్తుంది. రెండు కొసల తాళ్ళను ఒడ్డు మీద నిలబడి జనం లాగుతారు. పడవ మీద పెద్ద ఆమె మరిది ఎర్రన్న. ఒడ్డు మీద పెద్ద గున్నమ్మ. చేపలు ఇసకలో పడ్డాక కుప్పలు పోసి వాటాలు వేసేది ఆమే. అక్కడ కట్టుబాటు చిన్నది. తాడు మీద చెయ్యి వేసి, వల ఒడ్డెక్కేదాకా లాగినవాడికి వాటా ఉంటుంది. వాడు ఏ ఊరివాడో, ఎవరి తాలూకో అడగరు. మధ్యలో చెయ్యి తీసేసినవాడికి లేదు. వల చిరిగిన రోజున వాటా తిన్న ప్రతి మనిషీ వచ్చి కూర్చుని కుట్టాలి. తినేటప్పుడు కనిపించి కుట్టేటప్పుడు మాయమయ్యేవాడితో ఆ ఊళ్ళో ఎవరూ మాట్లాడరు.

ఈ కట్టుబాట్లేవీ తెలియని పెద్దమనిషి ఎన్నికల ముందు ఒక ఉదయం మొగలిపాలెం ఒడ్డుకు వచ్చాడు. తెల్ల పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, తాడు పట్టుకుని, ఫోటోలవాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. పొలాలున్న ఊళ్ళో నాగలి పట్టుకున్నాడు, సంతలో తక్కెడ పట్టుకున్నాడు, ఇక్కడ తాడు దొరికింది. ఫోటోలు అవగానే చేతులు దులుపుకుని, "ఈరోజు నుంచి నేనూ మీ వల మనిషినే తల్లీ" అన్నాడు.

ఆయన రోజుకు పది ఊళ్ళలో పది మాటలు అనే మనిషి. మొగలిపాలెంలో ఆ మాట ఊరికే అనరు. వల మనిషినని నలుగురిలో అన్నవాడికి, ఆ తరవాత అందరి ముందూ తాడు పట్టి మధ్యలో వదిలేస్తే తప్ప, ఆ వలలో ఎప్పటికీ వాటా ఉంటుంది. పోయినవాళ్ళ పిల్లలకు, జబ్బుపడ్డవాళ్ళకు అలాగే ఉంచుతారు. ఆయన ఓట్ల కోసం అన్నదాన్ని ఊరు ఒప్పందంగా తీసుకుంది. అక్కడే వాళ్ళు తప్పులో కాలేశారు.

ఆయన గెలిచాక, వేట బాగా పడిన రోజులన్నిటా గున్నమ్మ బుట్టలో అడుగున ఒక మూట వేరే ఉండేది. బజారులో అమ్మకం అయ్యాక ఆటో మారి టౌన్లో ఆయన బంగళాకు వెళ్ళి, వెనక గుమ్మంలో వంటమనిషి చేతికి ఇచ్చి వచ్చేది. చందువలు పడితే చందువలు, కవళ్ళు పడితే కవళ్ళు. ఏ రోజూ ఏదీ అడగలేదు. ఒక గ్లాసుడు మంచినీళ్ళు కూడా అడగలేదు.

"ఆడు తాడట్టుకున్నాది ఫోటో తీసినంతసేపే ఒదినా" అని ఎర్రన్న ఒకసారి గొణిగాడు.

"మాటిచ్చినాడు కదరా. మాటిచ్చినోడి వాటా మనం తింటే అరుగుతాదేటి" అంది గున్నమ్మ.

ఆ ఊళ్ళో మగవాళ్ళు చీకటితో పడవలెక్కుతారు. ఆడవాళ్ళు తెల్లారేసరికి బుట్టలతో ఆటోలెక్కుతారు. ఇక పిల్లలు ఎక్కడుండాలి? దానికోసం మొగలిపాలెంలో ఒంటిగది అంగన్‌వాడీ ఒకటుండేది. టీచరు హేమ పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చి, పిల్లలందరినీ లోపల వేసుకుని, మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు పెట్టి, తల్లులు వచ్చేదాకా తలుపు గడియ తియ్యకుండా చూసేది. గున్నమ్మ కొడుకు కూతురు చిన్నతల్లికి మూడేళ్ళు. అది ఆ గదిలో ఉంటేనే దాని తల్లీ, నాయనమ్మా బజారుకు వెళ్ళగలరు. గది తెరిచి ఉంటే పిల్లలు గదిలో ఉంటారు, మూసేస్తే సముద్రం ఒడ్డున ఉంటారు. ఈ ముక్క అర్థం కావడానికి ఢిల్లీ దాకా వెళ్ళి చదవక్కర్లేదు.

ఢిల్లీ వాళ్ళకు అర్థం కాలేదు. ఒక ఏడాది బడ్జెట్లో అంగన్‌వాడీల డబ్బు కోసేశారు. కోత పైన పెడితే రక్తం కిందే కారుతుంది కదా, అది జిల్లాకు వచ్చి, మండలానికి వచ్చి, చివరికి మొగలిపాలెం గది దగ్గర ఆగింది. చిన్న కేంద్రాలను పెద్ద కేంద్రాల్లో కలిపేస్తారని చెప్పుకోసాగారు. అంటే మూడేళ్ళ పిల్లలు తోటలు దాటి, రోడ్డు దాటి, అవతలి ఊరికి నడిచి వెళ్ళాలన్నమాట.

ఆ రోజుల్లోనే ఎంపీ గారు జంక్షన్లో సభ పెట్టారు. "మీ పిల్లల నోటికాడ ముద్ద లాక్కుంటే చూస్తూ ఊరుకుంటానా? పార్లమెంటును దద్దరిల్లిస్తాను" అని గర్జించారు. 'పసిబిడ్డల పక్షాన పోరాడే నాయకుడు' అని కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీలు కట్టారు. గున్నమ్మ ముందు వరసలో కూర్చుని చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది. తిరిగి వస్తూ హేమతో, "నువ్వు బెంగెట్టుకోకు పిల్లా. ఆడు మా వల మనిసి. మన గది మీద సెయ్యెయ్యనీడు" అంది. హేమ తల వంచుకుని సైకిల్ నడిపించుకుంటూ పోయింది.

నెల తిరక్కుండా గదికి తాళం పడింది.

తాళం పడ్డ వారానికి, గున్నమ్మా కోడలూ బజారులో ఉండగా చిన్నతల్లి ఇంటి ముందు ఆడుకుంటూ ఆడుకుంటూ ఒడ్డుకు వెళ్ళిపోయింది. దాన్ని చూస్తూ ఉండమని అప్పజెప్పిన ముసలామె కునుకు తీస్తోంది. ఆమెను ఏమనగలం, ఆమెను చూడడానికే ఒక మనిషి కావాలి. కెరటం వచ్చి పిల్లను లాక్కుపోయింది. వల లాగుతున్నవాళ్ళలో చివరివాడు చూసి దూకాడు కాబట్టి సరిపోయింది. ఒళ్ళంతా ఇసకతో, ఉప్పునీళ్ళు కక్కుతున్న పిల్లను చూసి బజారు నుంచి వచ్చిన కోడలు బుట్ట పారేసి ఏడ్చింది. గున్నమ్మ ఏడవలేదు. పిల్లను ఒళ్ళో వేసుకుని, సాయంత్రం దాకా దాని తల తుడుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం హేమ పరిగెత్తుకుంటూ వచ్చింది. పిల్ల ఊపిరి తీసుకోవడం చూసి, గున్నమ్మ పక్కన కూర్చుంది.

"పిన్నీ, అప్పుడే సెప్పాల్సింది. సభలో నువ్వు సప్పట్లు కొడతంటే నోరు రానేదు. డబ్బు కొయ్యొద్దని లోక్‌సభలో ఒకాయన పట్టుబట్టి ఓటింగెట్టించినాడట. ఎవులెటో మీట నొక్కి సెప్పాల. మన ఎంపీ కోతకే నొక్కినాడు."

"ఎప్పుడు?"

"జంక్షన్లో మీటింగెట్టక ముందే."

"నీకెవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పక్కర్నేదు పిన్నీ. ఎవులు ఎటు నొక్కినారో లోక్‌సభోళ్ళే అచ్చేసి పెడతారు. మా యూనియనోళ్ళు తీసి సూపించినారు."

ఇందులో రహస్యం ఏమీ లేదని గమనించాలి. ఆయన దొంగచాటుగా చేసింది కాదు. పట్టపగలు, అందరి ముందు, పేరుతో సహా నొక్కాడు. ఢిల్లీలో చేసింది ఢిల్లీలోనే ఉంటుందని, జంక్షన్లో అన్నది జంక్షన్లోనే ఉంటుందని, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే తీరిక చేపలమ్ముకునేవాళ్ళకు ఉండదని ఆయన ధీమా. ఆ ధీమా చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

మర్నాడు గున్నమ్మ బుట్ట ఎత్తలేదు. అంగన్‌వాడీ పిల్లలందరినీ, వాళ్ళ పళ్ళేలతో సహా, రెండు ఆటోల్లో ఎక్కించింది. బంగళా వెనక గుమ్మానికి పోకుండా, మొదటిసారి ముందు గేటులోంచి వెళ్ళి, వరండాలో పిల్లలను వరసగా కూర్చోబెట్టింది. చిన్నతల్లి ఇంకా దగ్గుతోంది.

వంటమనిషి బయటికి వచ్చి, "ఇయ్యేల ఏటి తెచ్చినావు గున్నమ్మా?" అన్నాడు.

"ఏటీ తేనేదు. వల సిరిగినాది. వాటా తిన్నోడిని కుట్టడానికి పిలవడానికొచ్చినాను."

లోపల ఎవరెవరో పెద్దమనుషులు ఉన్నారు. పిల్లల గోల విని ఎంపీ గారు వాళ్ళతో పాటే వరండాలోకి వచ్చారు. అలవాటుగా ఒక పిల్ల తల నిమిరారు.

"ఏమ్మా గున్నమ్మా, అందరినీ ఇలా తీసుకొచ్చావు? నేను పోరాడుతున్నానని జంక్షన్ సభలోనే చెప్పాను కదా."

గున్నమ్మ గొంతు దిగిపోయింది. దగ్గరికి వస్తే తప్ప వినిపించనంత మెల్లగా అడిగింది.

"ఢిల్లీలో మీట ఎటు నొక్కినావు బాబూ?"

ఆయన పక్కవాళ్ళ వైపు చూశారు. ఇంగ్లీషు పేపరువాడు అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర జవాబు ఉంది. చేపల గున్నమ్మ అడుగుతుందని అనుకోలేదు.

"అది పార్టీ విప్ అమ్మా. పార్టీ ఎటు వెయ్యమంటే అటే వెయ్యాలి. లేకపోతే పదవే పోతుంది. నీకు అర్థం కాదులే. నా మనసు మాత్రం మీతోనే ఉంది."

"మా వలకీ పెద్దోడున్నాడు బాబూ, ఎర్రన్న. ఆడి మాట జవదాటం. గానీ కెరటాల్లో పడవుండి, అందులో మన మనుసులుంటే, తాడు ఒగ్గీమని ఆడే సెప్పినా ఎవులూ ఒగ్గరు. ఒగ్గినోడు మళ్ళీ ఒడ్డు మీద మొకం సూపించడు. నువ్వు ఒగ్గీసి వచ్చి, మాకాడ మైకట్టుకుని అరిసినావు. నీ మనసు నాకేటికి బాబూ. నీ సెయ్యి ఎటున్నాదో అదే అడుగుతన్నాను."

పెద్దమనుషుల్లో ఒకాయన దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. పిఏ బిస్కెట్ల పొట్లాలు తెప్పించి పంచబోతే, గున్నమ్మ ఒక్కొక్క పిల్ల చేతిలోంచీ తీసి తిరిగి బల్ల మీద పెట్టింది. ఎంపీ గారు మాత్రం తేరుకున్నారు. వాళ్ళు ఎప్పుడూ తేరుకుంటారు. "ఆ గది సంగతి నేను చూస్తాను" అని మాటిచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

నిజంగానే చూశారు. నెల రోజుల్లో ఆ గదికి తన నిధుల్లోంచి రంగులు వేయించారు. గోడ మీద ఏనుగు, నెమలి, అఆలు, తలుపు పైన ఆయన పేరుతో పలక. తాళం మాత్రం అలాగే ఉంది. తీయడానికి టీచరు లేదు, హేమను అవతలి ఊరికి మార్చేశారు. రంగు గోడకు ముక్కు ఆనించి పిల్లలు కిటికీలోంచి లోపలికి చూసేవారు. దారిన పోయే ప్రతిసారీ ఆ పలక చూసి గున్నమ్మ ఇసకలో ఉమ్మేది. ఆమె స్థానంలో ఉంటే నేను ఇంకా చాలా చేసేవాణ్ణి.

ఆమె బజారు మానేసింది. నరసన్నపేటలో చందువకు ధర కట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. అలాంటి మనిషి తన బుట్టను కోడలికి అప్పగించి, తన ఇంటి అరుగు మీద ఊరి పిల్లలను పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా ఎండా వానా అనకుండా వెళ్ళిన బజారు అది. దాన్ని ఆమె నుంచి లాగేసిన వేలికి ఆ సంగతే తెలియదు. మీట నొక్కి, క్యాంటీన్‌కు వెళ్ళి కాఫీ తాగి ఉంటుంది.

ఎంపీ గారి వాటా మాత్రం గున్నమ్మ ఎత్తెయ్యలేదు. వాటాలు వేసేటప్పుడు ఆయన కుప్ప అలాగే పోసేది, "ఎంపీ బాబుది" అని పిలిచేది. ఎవరూ పలకరు కాబట్టి ఆ చేపలు అరుగు మీది పిల్లల కుండలోకి పోయేవి. పిల్లలు దాన్ని ఎంపీ కూర అనేవారు. ముల్లు గుచ్చుకున్నప్పుడు ఆయన పేరే తిట్టుకునేవారు.

మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. మళ్ళీ కార్లు ఒడ్డుకు వచ్చాయి. మళ్ళీ తెల్ల పంచె మోకాళ్ళ పైకి లేచింది. వల సముద్రంలో ఉంది, రెండు తాళ్ళ మీదా జనం ఉన్నారు. ఆయన నవ్వుతూ తాడు మీద చెయ్యి వేశారు. ఎర్రన్న పళ్ళు కొరికాడు. గున్నమ్మ అతన్ని కళ్ళతోనే ఆపి ముందుకు వచ్చింది.

"పట్టుకో బాబూ" అంది మెల్లగా. "మంచిదే. వల ఒడ్డెక్కేదాకా మాత్రం ఒగ్గకూడదు. అందరూ సూస్తన్నారు."

కెమెరాల ముందు కాదనలేక ఆయన లాగారు. ఫోటోలు అయిపోయాయి, తాడు అవలేదు. తడి తాడు అరచేతులను కోస్తుంది, ఎండ నెత్తి మీద పడుతుంది, వెనకవాడు లాగుతుంటే ముందువాడు ఆగడానికి వీల్లేదు. కాసేపటికి ఆయన నవ్వు ఆరిపోయింది. ఇంకాసేపటికి జేబులో ఫోను మోగింది. "ఢిల్లీ నుంచి" అంటూ తాడు వదిలేసి పక్కకు జరిగి, మాట్లాడుతూ మాట్లాడుతూ కారెక్కారు. అందరూ చూశారు.

ఆయన మళ్ళీ గెలిచారు కూడా. మొగలిపాలెం ఓట్లు ఎన్నని.

ఆ రోజు ఒడ్డు మీద ఇంకొకటి జరిగింది. ఆయన చెయ్యి తీసిన చోట తాడు ఖాళీగా ఉండిపోతే, అరుగు మీది నుంచి వచ్చి చూస్తున్న చిన్నతల్లి అక్కడ పట్టుకుంది. ఏడేళ్ళు దాటని పిల్ల, ఏం లాగుతుంది. అయినా వల ఒడ్డెక్కేదాకా చెయ్యి తియ్యలేదు. కెరటం మోకాళ్ళకు తగిలినప్పుడు ఒకసారి కళ్ళు మూసుకుంది గానీ తియ్యలేదు.

ఇసకలో కుప్పలు పోస్తూ గున్నమ్మ చివరి కుప్ప దగ్గర ఆగింది.

"ఎంపీ బాబుది ఎయ్యవా ఒదినా?" అన్నాడు ఎర్రన్న.

"ఆడు ఒగ్గీసినాడు కదరా. ఒగ్గీసినోడికి నేదు" అంది గున్నమ్మ. ఈసారి గొంతు తగ్గలేదు, బజారులో లాగే ఊరంతా వినిపించింది. "ఈ వాటా తాడొగ్గని ఈ గుంటది. రాయే చిన్నతల్లీ, వొచ్చి ఎత్తుకో."