గోళెంలో చేప

ఇవాళ డ్యూటీ దిగి వస్తుంటే మన కాలువలో చేపలు నోళ్లు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. వంతెన మీద జనం నవ్వుకుంటూ ఫోటోలు తీస్తున్నారు. ఒళ్లు మండిపోయింది.

గుర్తుందా, మన పేటలో ప్రతి ఇంటి గోళెంలో తాగే కాలువ నీళ్లు, వాటిలో బతికున్న చేప ఒకటి? చేప కదులుతోందని చూశాకే అమ్మ చెంబు ముంచేది.

రొయ్యల చెరువులు తవ్విన ఏడాది, ఒక పొద్దున్న మా చేప తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలింది. పక్కింట్లోనూ అంతే. వీధి చివరిదాకా అంతే. ఎక్కడా బిందె చప్పుడు లేదు. ఆడవాళ్లంతా అరచేతుల్లో చచ్చిన చేపలతో గుమ్మాల్లో నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు. నాకు భయమేసింది అందుకే.

అలాగే నడిచివెళ్లి చెరువుల ఆసామి అరుగు మీద చేపల్ని వరసగా పేర్చారు.

"చేప చస్తే ఇంకోటి వేసుకోండర్రా! దానికింత ఊరేగింపా?" అన్నాడాయన.

అమ్మ చెంబు చాపింది. "పిల్లలు తాగే నీళ్లండి బాబూ. మీ చెరువు నీళ్లు కాలువలోకి వదిలే తూము దగ్గరే ముంచాం. ఒక్క గుక్క తాగండి, వెళ్లిపోతాం."

ఆయన తాగలేదు. మనవాళ్లూ కదల్లేదు. మధ్యాహ్నానికి తూము మూయించాడు.

మర్నాటి నుంచి, బడికి వెళ్తూ ఆ తూము మూసే ఉందా అని చూడటం మన పని అయిపోయింది. ఎవరు అప్పగించారో గుర్తులేదు. ఇన్నేళ్లయినా ఆ పని నన్ను వదల్లేదు.

రేపు నాకు సెలవు. ఈ పాడు నీళ్లు ఎవడు వదులుతున్నాడో చూడ్డానికి గట్టు వెంట పైకి నడుస్తున్నాను. మన పేటవాళ్లు ఎవరెవరు వస్తున్నారు?