బెండింగ్ మెషీన్‌కు తాళం వేసిన విజయక్క

నిన్న పొద్దున షిఫ్ట్ బస్సులో ఉండగా రామ్‌సేవక్ భయ్యా ఫోన్ చేశాడు. మా ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్.

"విజయా దీదీ నహీ రహీ" అన్నాడు. విజయక్క ఇక లేదని.

ఏ విజయ అని అడిగాను.
నాకు తెలిసిన విజయ ఒక్కతే. అయినా అడిగాను.

డ్యూటీకి బయల్దేరుతూ షూ లేసులు కట్టుకుంటుంటే పడిపోయిందట. బ్రెయిన్ స్ట్రోక్. హాస్పిటల్‌కు చేరేలోపే అయిపోయింది.

నలభై ఏడేళ్లు. ఇది పోయే వయసా?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గ్రేటర్ నోయిడాలో మా ఫ్యాక్టరీకి విజయక్క మెయింటెనెన్స్ ఇంజినీర్. ఊరు వరంగల్. ఢిల్లీ వైపు వచ్చి ఇరవై ఏళ్లయినా యాస మారలేదు. నేను ఆమె జూనియర్‌ని.

మా దగ్గర ఆయిల్ ఒత్తిడితో ఇనుప రేకులు వంచే పెద్ద హైడ్రాలిక్ మెషీన్ ఉంది. దాని సిలిండర్ నుంచి ఎప్పుడూ ఆయిల్ కారేది. నేల మీద రంపపు పొట్టు చల్లేవాళ్లం. కింద ట్రే పెట్టేవాళ్లం.

నేనైతే జాయింట్ ఇంకాస్త బిగించి, లాగ్ బుక్‌లో "లీక్ సరిచేశాను" అని రాసి సంతకం పెట్టేవాడిని.

ఒకరోజు రామ్‌సేవక్ భయ్యా ఆ ఆయిల్ మీద జారాడు. చెయ్యి నేరుగా పైనుంచి దిగే బ్లేడు కిందికి వెళ్లింది. అదే క్షణంలో కాలు బ్లేడును దించే పెడల్ మీద నుంచి తప్పింది కాబట్టి చెయ్యి మిగిలింది.

అక్క వచ్చింది. మెయిన్ స్విచ్ ఆపింది. దానికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది.

ప్రొడక్షన్ మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. "సాయంత్రం డిస్పాచ్ ఉంది మేడమ్! సీల్ బదల్ దో, చలా దో!" ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్ మార్చేసి నడిపించేయమని.

"చాబీ మేరే పాస్ హై, సర్. మెషీన్ నహీ చలేగీ." తాళంచెవి తన దగ్గరే ఉంది, మెషీన్ నడవదు అంది.

అంతే. గొంతు కూడా పెంచలేదు.

మెషీన్ పై భాగం కిందికి దించి, ప్రెషర్ అంతా తీసేశాక నన్ను పిలిచింది. "రాడ్ మీద గోరు పెట్టి చూడు రా."

సిలిండర్‌లోంచి బయటికొచ్చే ఆ కడ్డీ మీద గోరుకు గీతలు తగిలాయి. పక్కనే గ్రైండింగ్ బెంచ్. అక్కడి ఇనుప రజను ఎగిరొచ్చి రాడ్‌కు అంటుకుని, రాడ్‌ను గీకేసి, సీల్‌ను కోసేస్తోంది. కొత్త సీల్ వేసినా వారంలో మళ్లీ అదే.

"ఎందుకు కారుతుందో తెల్వకుండ సంతకం ఎట్ల పెట్టినవ్?"



మెషీన్ మూడు రోజులు ఆగింది. రాడ్ పాలిష్ చేయించింది. సీళ్లు, ఫిల్టర్ మార్పించింది. గ్రైండింగ్ బెంచ్‌ను షెడ్డు అవతలి గోడ దగ్గరికి జరిపించింది. దానికి ఇంకో గొడవ.

ఇంత చేసినందుకు శిక్షగా ఆమెను స్టోర్స్‌లో సామాన్ల లెక్కలు రాయడానికి కూర్చోబెట్టారు. ఏడు నెలలు.

మేనేజర్‌కు ఒక్క సారీ చెబితే అయిపోతుంది కదా అక్కా అన్నాను.

"ఎందుకు చెప్పాల్రా? భయ్యా చెయ్యి ఉన్నది కద!"

చెప్పలేదు. ఆ మెషీన్ కింద మళ్లీ ఒక్క చుక్క పడలేదు. రెండో మెషీన్ కారడం మొదలయ్యాక వాళ్లే వచ్చి పిలిచారు.

నిన్న ఆఫీస్ గ్రూప్‌లో ఒకాయన రాశాడు, "మంచి మనిషి, కాకపోతే కొంచెం మొండి" అని.

కొంచెం కాదు సార్. పూర్తిగా మొండి. మా షెడ్డులో అందరికీ పది వేళ్లున్నాయంటే ఆ మొండితనం వల్లే. రాస్తే అది కూడా రాయండి.

నిన్న సాయంత్రం అంత్యక్రియలకు ఇద్దరు వెళ్లొస్తే చాలు, ప్రొడక్షన్ లైన్ ఆగకూడదు అన్నారు మేనేజ్‌మెంట్ వాళ్లు.

పదకొండు మందిమి వెళ్లాం. యూనిఫామ్‌లోనే.

లైన్ ఆగింది.

ఇవాళ అందరికీ మెమోలు ఇచ్చి వివరణ అడిగారు. పదకొండు మందిమీ ఒకే వాక్యం రాసిచ్చాం. "మా అక్క పోయింది, వెళ్లాం."

ఇక పడుకో అక్కా. ఎన్నేళ్లు పోట్లాడావో! నీకు ఇప్పుడైనా ప్రశాంతంగా ఉండాలి.

ఇక్కడి పోట్లాట మేం చూసుకుంటాం.