పార ఇంట్లో పెట్టి వెళ్ళినవాడు

మా పెద్దనాయన పోయాడు. వానలు మొదలైన వారంలో, మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. నేను పాఠం చెప్పే ఆడపిల్లల బడికి మా పక్కింటావిడ తడుస్తూ వచ్చి, తరగతి గుమ్మంలో నిలబడి, "మీ పెద్నాయన మనకు లేడు పాపా" అని చెప్పింది. పిల్లలు పలకలు పట్టుకొని నా ముఖంకేసి చూస్తూ ఉండిపోయారు.

ఇది రాయడానికి దుఃఖం ఒక్కటే కారణం కాదు. కోపం కూడా ఉంది. పాడె లేవడానికి ముందు, యుద్ధానికి పోయి వచ్చినవాళ్ళ తరఫున ఒక పెద్దమనిషి మా ఇంటి ముందు నిలబడి మాట్లాడాడు. "పార పట్టే ఇంట పుట్టి, ఫిరంగి పట్టి, తనవాళ్ళందరికంటే పైకి వచ్చిన మనిషి" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కాని పాడె తలవైపు నిలబడి ఉన్న మా నాయన ఆ మాటకు తల దించుకున్నాడు. పెద్దనాయన బతికి ఉంటే అక్కడే అడ్డం కొట్టేవాడు. ఆయన ఎవరికంటే పైకి రాలేదు, రావాలనీ అనుకోలేదు. ఆయన అడిగింది వేరు. అది ఏమిటో తెలిసినవాళ్ళలో చదవడం రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నేనే చెప్పాలి.

మాది పుదుచ్చేరి ఒర్లియంపేటలో మట్టి పని చేసుకునేవాళ్ళ వీధి. ఎప్పుడు ఈ ఊరికి వచ్చామో మాలో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బావులు, కాలువలు, దొరల మేడలకు పునాదులు, ఈ ఊళ్ళో మావాళ్ళ పార తగలని నేల తక్కువ. సర్కారు పిలిచిందంటే ఎందుకని అడగకుండా పారా గడ్డపారా భుజాన వేసుకొని పోవడం మావాళ్ళకు అలవాటు. వాళ్ళు పిలిచేది తవ్వడానికి కాక మరెందుకు?

అందుకే పెద్ద యుద్ధం జరిగేటప్పుడు, పుదుచ్చేరి మనుషులు కూడా ఫ్రెంచి సైన్యంలో చేరవచ్చని దండోరా వేస్తే, మా వీధి మగవాళ్ళు పారలు పట్టుకొని పోయారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా బడిలో పంతులమ్మలు నవ్వారు. సైన్యంలో పేరివ్వడానికి ఎవరైనా పనిముట్లు మోసుకుపోతారా అని. మావాళ్ళు పోయారు. పేర్లు రాసుకునే దొర ఆ పారలను చూశాడు. ఆ తరువాత ఎవరినీ ఏమీ అడగలేదు. మొత్తం వీధిని కందకాలు తవ్వే దండులో వేయమన్నాడు.

పెద్దనాయన ఒక్కడే వట్టి చేతులతో వచ్చాడు.

నాకు అప్పుడు బడికి పోయే వయసు కూడా లేదు; ఆనాటి మాటలు తరువాత మా అవ్వ చెప్పగా విన్నవి. మా అవ్వ నన్ను చంకన వేసుకొని సిపాయిలుండే కొట్టడి గేటు బయట నిలబడి ఉంది. ఇనుప కమ్మీల సందుల్లోంచి లోపలి ఆవరణ అంతా కనబడేది. తుపాకి పట్టి నడిచేవాళ్ళు ఒక వరస, మోటారు బండ్లు తోలేవాళ్ళు ఒకటి, దెబ్బలు తగిలినవాళ్ళను మోసేవాళ్ళు ఒకటి, వంటవాళ్ళు, పారలతో మావాళ్ళు, ఫిరంగులవాళ్ళు. చెట్టు నీడలో ఉన్నది ఫిరంగుల వరస. అందులో అంతా కాస్త ఫ్రెంచి ముక్కలు వచ్చిన ఇళ్ళ కుర్రవాళ్ళు. దొరకూ జనానికీ మధ్య మాటలు చెప్పే దుబాసి మా భాష తెలిసినవాడే. ఆయన పెద్దనాయనను ఆపాడు.

"ఏంరా, నీ పార యాడ?"

"ఇంట్లో పెట్టినా."

"పార లేకుండా వచ్చి ఏం జేస్తావు?"

"కూలికి రాలేదు సామీ. సిపాయిగా పేరియ్యడానికి వచ్చినా. ఫిరంగి కాడికి పోతా."

దుబాసి పకపకా నవ్వాడు. "మీ తమ్ముడు ఆడ నిలబడినాడు, మీ వీధంతా ఆడ నిలబడింది. పోయి నిలబడు పో. ఫిరంగంట!"

"ఆ వరసలో నన్ను పెట్టింది ఎవురు? నన్నడిగినారా?"

అలా అని నడుచుకుంటూ పోయి చెట్టు నీడలో ఫిరంగుల వరస చివర నిలబడ్డాడు. ముందున్న కుర్రవాడు వెనక్కి చూసి రెండడుగులు పక్కకు జరిగాడు. ఒక బంట్రోతు వచ్చి చెయ్యి పట్టి లాగాడు. పెద్దనాయన తిరిగి వచ్చి అక్కడే నిలబడ్డాడు. లాగినప్పుడల్లా వచ్చి నిలబడ్డాడు. చివరికి గేటు బయటికి గెంటేశారు.

ఓడ వచ్చేదాకా రోజూ వచ్చి ఆ గేటు ముందు నిలబడ్డాడు. దుబాసి కూడా పాపం చెడ్డవాడు కాదు, పోతూ వస్తూ చెప్పేవాడు: "మట్టి వరసలో చేరతానని ఒక్క మాట చెప్పు, ఇప్పుడే లోపలికి రా." పెద్దనాయన తల అడ్డంగా ఊపేవాడు.

మా అవ్వ భయం వేరు. తవ్వేవాళ్ళు యుద్ధానికి వెనకాల ఉంటారని, వాళ్ళ మీద గుండ్లు పడవని వీధిలో అందరూ చెప్పుకున్నారు. గేటు దగ్గర పెద్దనాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "ఒరే నాయనా, ఇద్దరూ ఒక కాడే ఉండండిరా. ఒకరికొకరు తోడు. ఫిరంగి పక్కన నిలబడితే నిన్ను యాడని ఏరుకోవాల్రా నేను?"

"సావుకు బయపడేవాణ్ణయితే ఈ గేటు కాడికే వచ్చుండను గదమ్మా. యాడ నిలబడి సావాలో అదన్నా నేను జెప్పకూడదా?"

మా నాయన లోపలి నుంచి కమ్మీల దగ్గరకు వచ్చాడు. ఆయన భుజం మీద పార ఉంది. "అన్నా, నా పక్కన నిలబడేదానికి నీకు నామోషీగా ఉందా?"

"నామోషీ ఏందిరా? నువ్వే నా పక్కకు రా. పిలస్తా ఉండాను గదా."

"నాకు బిడ్డ ఉంది. తెలిసిన పని చేసుకొని, తిరిగి రావాల నేను."

"అయితే పో. అది నువ్వు కోరుకున్నది. నాది నేను కోరుకుంటా."

మా నాయన మాటలోనూ న్యాయం ఉంది. ఆ బిడ్డను నేనే. కాని ఆ రోజు ఆ కమ్మీల దగ్గర అన్నదమ్ముల మధ్య ఏదో తెగింది. తరువాత ఎన్నో ఏళ్ళు అది అతకలేదు.

ఓడ ఎక్కించే ముందు ఫిరంగుల వరసలో ఒక కుర్రవాడు కనబడలేదు. వాళ్ళమ్మ బంధువుల ఊళ్ళో దాచేసిందని అన్నారు. దొరకు మనిషి తక్కువయ్యాడు. చుట్టూ చూసి, గేటు వైపు చెయ్యి చూపించి, "రోజూ వచ్చే ఆ మొండివాణ్ణి పిలవండి" అన్నాడట. అలా పోయాడు మా పెద్దనాయన ఫిరంగి దగ్గరికి. ఎవరూ మెచ్చి ఇవ్వలేదు. కదలకుండా నిలబడినందుకు దొరికింది.

ఫిరంగే ఎందుకు కావాలనుకున్నావని పెద్దయ్యాక అడిగాను. తిండివనం వైపు రాతి నేలల్లో బావులు తవ్వేటప్పుడు రాయి అడ్డం పడితే మందు పెట్టి పేలుస్తారు. "రాయికి తొర్ర చేసేది మేము, మందు కూరేది మేము. వత్తి ముట్టించేది మాత్రం మేస్త్రి. మమ్మల్ని దూరం పొమ్మంటాడు. ఒక్కసారన్నా ఆ వత్తి నేను ముట్టించాలనుకున్నా, అంతే" అన్నాడు.

అన్నదమ్ములిద్దరూ తిరిగి వచ్చారు. మా అవ్వ మొక్కులు తీర్చుకుంది. ఫిరంగి మోతకు పెద్దనాయన ఎడమ చెవి పోయింది, కాబట్టి లోకమంతా చెవిటిదన్నట్టు గట్టిగా మాట్లాడేవాడు. తవ్వేవాళ్ళు వెనకాల ఉంటారన్నది అబద్ధమని తేలింది. మా వీధి నుంచి పారలతో పోయినవాళ్ళందరూ రాలేదు. మా నాయన పక్కన తవ్వుతున్న మా ఎదురింటి ఆయన ఆ కందకంలోనే ఉండిపోయాడు. ఇటు చూస్తే ఫిరంగివాళ్ళకూ తవ్వుడు తప్పలేదట. ఫిరంగిని నేలలో దాచాలి, మందు గుండ్లను నేలలో దాచాలి, మనిషీ నేలలో దాక్కోవాలి. "పోయిన కాడంతా గుంతే పాపా" అని పెద్దనాయన తనే చెప్పి తనే నవ్వేవాడు.

మా నాయన ఊరుకునేవాడు కాదు. "అంత రగడ చేసి పోయి, ఆడ కూడా తవ్విందే గదా?"

"తవ్వినా."

"నా గుంతా నీ గుంతా ఒకటే గదా?"

"గుంత ఒకటే. దాంట్లోకి నడిచిపోయినవాడు వేరు, తోసేస్తే పడినవాడు వేరు."

మా నాయన లేచి వెళ్ళిపోయేవాడు. మాట పదునుగా ఉండేది పెద్దనాయనది. అది తగిలే చోట తగిలేది. తగలకూడని చోటా తగిలేది. మా నాయన తోసేస్తే పడినవాడు కాదు, కూతురి కోసం పోయినవాడు. ఆ సంగతి పెద్దనాయనకు తెలుసు. నోటితో మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఆయనకు ఒక పిచ్చి అలవాటు ఉండేది. ఎవరికైనా ఏదైనా ఇచ్చే ముందు "నీకేం కావాల?" అని అడిగేవాడు. చేపలు తెచ్చిన రోజు తల కావాలా తోక కావాలా అని చిన్నపిల్లలను కూడా అడిగేవాడు. పెండ్లిళ్ళలో ఇక్కడ కూర్చోండని ఆకు వేస్తే, బంతి అంతా ఒకసారి చూసి, తనకు నచ్చిన చోటికి తన ఆకు తనే మోసుకుపోయేవాడు. "ఫిరంగాయన వచ్చినాడు, ఆకు యాడ వెయ్యాలో అడగండ్రా" అని మా మేనమామలు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన చెవిటి చెవి అటు తిప్పేవాడు.

నన్ను బడిలో వేసింది ఆయనే. మా వీధిలో అంతకు ముందు బడికి పోయిన ఆడపిల్ల లేదు. మగపిల్లలే ఒకరిద్దరు పోయి మానేశారు. పెద్ద పంతులమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఈ వీధుల పిల్లలకు కుట్టు తరగతి మంచిది, చేతికి పని వస్తుంది అంది. పెద్దనాయన నా వైపు తిరిగాడు. వంగి నన్ను అడిగాడు. "నీకేం కావాల?"

ఏం చెప్పాలో తెలియలేదు. అంతవరకు నన్నెవరూ ఆ మాట అడగలేదు.

"చెప్పు. అడిగినప్పుడు చెప్పాల. అడక్కపోయినా చెప్పాల."

"చదువు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. "ఏందీ?" అన్నాడు చెవికి చెయ్యి అడ్డం పెట్టి. ఆ వరండా మారుమోగేలా అరిచాను. కుట్టు తరగతి పిల్లలు తలలెత్తి చూశారు. అప్పుడు ఆయన పెద్ద పంతులమ్మ వైపు తిరిగి, "విన్నారు గదా" అన్నాడు.

కుట్టుపనిని ఆయన తక్కువ చేయలేదు. మట్టి పనినీ తక్కువ చేయలేదు. మా వీధిలో చాలామంది తక్కువ చేశాడనే అనుకున్నారు. మొన్న మాట్లాడిన పెద్దమనిషి అలాగే అనుకున్నాడు. మా నాయన కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాడు. ఈ జూలైలో జరిగింది ఆ పెద్దమనిషికి తెలియదు. మా నాయన చూశాడు. నేనూ చూశాను.

జూలై నెల సర్కారు పండుగకు, యుద్ధానికి పోయి వచ్చినవాళ్ళను సముద్రపు ఒడ్డుకు పిలిచారు. పెద్దనాయన ఎప్పుడూ పోయేవాడు కాదు. ఈ ఏడు మా బడి పిల్లల చేత నేను పాట పాడిస్తున్నానని వచ్చాడు. పందిరి కింద తెల్లగుడ్డలు వేసిన కుర్చీలు ఆయుధం పట్టినవాళ్ళకు. తవ్వినవాళ్ళూ వండినవాళ్ళూ మోసినవాళ్ళూ పందిరి వెనకాల, తాడు కట్టిన చోట, ఎండలో నిలబడాలి. మా నాయన అక్కడ ఉన్నాడు. మా వీధిలో మిగిలినవాళ్ళు అక్కడే ఉన్నారు. పాట పిల్లలతో నేనూ ఆ తాడు పక్కనే ఉన్నాను.

ఏర్పాట్లు చూసే ఆయన పెద్దనాయనను తీసుకుపోయి మొదటి వరసలో కూర్చోబెట్టాడు. పెద్దనాయన కాసేపు కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. లేచాడు. కుర్చీల మధ్యగా మెల్లగా నడుస్తూ మావైపు వచ్చాడు. ఏర్పాట్లాయన వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"ముస్సే, అయ్యా, మీ చోటు అది!"

"నా చోటు యాడో నాకు తెలుసు."

"దొరగారు వచ్చేస్తున్నారు. మొదటి వరసలో ఖాళీ కనబడితే నా పని అయిపోతుంది."

"అయితే వీళ్ళలో ఒకరిని కూచోబెట్టు. ఎవరికి కావాలో అడుగు."

ఏర్పాట్లాయన మావాళ్ళ చెప్పులు లేని కాళ్ళను చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. పెద్దనాయన తాడు ఎత్తి కిందుగా దూరి, మా నాయన ముందుకు వచ్చి నిలబడ్డాడు.

మా నాయన ముఖం ఎర్రబడింది. "ఏందన్నా నువ్వు? ఆడ నీడ ఉంది, కుర్చీ ఉంది. ఆ దినం అంత రగడ చేసి ఆ పక్కకు పోయినావు. ఇప్పుడు ఈ పక్కకు వస్తావా?"

"ఆ దినం నన్ను ఈడ నిలబెట్టాలని చూసినారు. ఈ దినం నేనే వచ్చినా. రెండూ ఒకటేనా?" అన్నాడు పెద్దనాయన. తరువాత, ఆయన గొంతులో నేనెప్పుడూ వినని మెత్తదనంతో, "కొంచెం జరగరా" అన్నాడు.

మా నాయన జరిగాడు.

దొర వచ్చాడు, బాజాలు మోగాయి, మా పిల్లలు పాడారు. ఎండలో ఇద్దరు ముసలివాళ్ళు భుజానికి భుజం ఆనించి నిలబడి ఉన్నారు. పందిరి కింద మొదటి వరసలో ఒక కుర్చీ మాత్రం సభ ముగిసేదాకా ఖాళీగానే ఉంది. సముద్రపు గాలికి దాని తెల్లగుడ్డ లేస్తూ, పడుతూ ఉంది.