ఖాళీ అని రాసిన చోటికి

శుక్రవారం ఉదయం ఏడు నలభైకి విజయవాడ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు ఎక్కాను. చేతిలో గొట్టంలా చుట్టిన పటం, సంచిలో ఫీల్డు పుస్తకం, మంచినీళ్ల సీసా ఉన్నాయి. ఒకావిడ చెప్పింది తప్పని ఆవిడ ముందే నిరూపించాలని బయలుదేరాను. ఆ సంగతి దాచుకోవలసిన అవసరం నాకు లేదు.

ముందురోజు మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసింది. పేరు సామ్రాజ్యం. జగ్గయ్యపేటలో వాగు పక్కన బట్టలుతికే తొమ్మిది కుటుంబాల్లో ఒకటి ఆవిడది.

"వాగు పక్క చోటు ఖాళీ అని పటంలో రాసింది మీరేనా అండి?"

"అవును. నా నంబరు మీకెవరిచ్చారు?"

"పటం మీదే ఉందిగదండి, కింద మూల. ఆఫీసులో గోడకి అంటిస్తే చదివించుకున్నాం. మేం బట్టలారేసుకునే చోట్లో కార్లు పెట్టుకునే స్టాండు కడతారంట. అభ్యంతరాలుంటే రేపు అయిదింటి లోపు ఇమ్మన్నారు. మేం పోయి అడిగితే, అక్కడ మీరెవరూ లేరు, కావాలంటే పటం చూసుకోండి అంటన్నారు."

నేను గీసింది తప్పు కాదని చెప్పాను. ఆవిడ, "ఒకసారొచ్చి చూడండి," అని పెట్టేసింది. నేను చూడకుండా గీశానన్నట్టు ఉంది ఆ మాట. రాత్రి భోజనం దగ్గర కూడా అదే గుర్తొచ్చింది.

నేను పట్టణ ప్రణాళికలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అంతకు ముందు పదకొండేళ్లు ఒక డ్రాయింగు ఆఫీసులో లేఅవుట్లు గీశాను. ముప్ఫయ్యారేళ్ల వయసులో చేరితే మొదటి రోజే క్లాసులో ఒకమ్మాయి ఆంటీ అంది. ఆ అమ్మాయి ఆ రోజు ఏ బెంచీలో కూర్చుందో ఇప్పటికీ చెప్పగలను. నిరుడు వేసవిలో మా క్లాసు నందిగామ, జగ్గయ్యపేట పట్టణాల్లో సర్వే చేసింది. వీధి వీధీ తిరిగి ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, బడికీ ఆసుపత్రికీ ఎరుపు వేయాలి. ఏమీ లేని చోటు తెల్లగా వదిలేసి 'ఖాళీ' అని రాయాలి. వాగు వైపు నా వంతుకు వచ్చింది. సర్వే అయ్యాక మర్యాదగా ఒక కాపీ జగ్గయ్యపేట ఆఫీసులో ఇచ్చాం. ఏ ఆఫీసో పేరు రాయను, రాస్తే ఇంకో గొడవ. అక్కడ రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా నలభై నిమిషాలు నిలబెట్టారని మాత్రం చెబుతాను.

ఇప్పుడు నా థీసిసు కూడా ఆ తెల్లటి చోట్ల మీదే. ఈ రెండు పట్టణాల్లో ఖాళీగా పడి ఉన్న పదకొండు స్థలాలను ఊరికి ఎలా పనికి తేవాలన్నది నా అంశం. మొన్నటి సమీక్షలో మా గైడు అడిగారు: "ఇవన్నీ నువ్వు నిలబడి చూసినవేనా?"

"ఒక్కొక్కటీ చూశానండి."

ఆయన నవ్వారు. వెనక ఇంకెవరో నవ్వారు. వచ్చే సోమవారం ఆఖరి సమీక్ష. పదకొండిట్లో ఒక్కటి తప్పని తేలినా మిగతావి నమ్మరు, నాకు ఒక సెమిస్టరు పోతుంది. కాబట్టి ఈ ప్రయాణంలో నందిగామలో ఒక చోటా, వాగు పక్కనా ఫోటోలు తీసి, ఆ నవ్వుకీ సామ్రాజ్యం మాటకీ ఒకేసారి జవాబు చెప్పాలనుకున్నాను.

బస్సులో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు కార్డు చూసి, "ఆ గొట్టం పైన పెట్టండి మేడమ్, ఇబ్రహీంపట్నంలో జనం ఎక్కుతారు," అన్నాడు.

"నలిగితే మీరు గీసిస్తారా?"

ఆయన మళ్లీ నా వైపు రాలేదు.

ఇబ్రహీంపట్నంలో నిజంగానే జనం ఎక్కారు. నా పక్కన వత్సవాయి రైతు ఒకాయన కూర్చున్నాడు. ఒళ్లో పురుగు మందు డబ్బాల సంచి. కంచికచర్ల దాటేదాకా గొట్టం వైపు చూస్తూనే ఉన్నాడు.

"పటమా అమ్మా? మా పొలం ఉందా అందులో?"

"లేదండి, ఊరి వరకే."

"మీరు గీస్తే రోడ్డు వస్తదా, పోతదా?"

"మేం గీస్తే ఏమీ జరగదండి. చదువు కోసం గీసింది."

"మా బావమరిదికీ అట్టాగే చెప్పారు. నెల తిరక్కుండా చేలో రాళ్లు పాతారు," అని కిటికీ వైపు తిరిగాడు.

తొమ్మిదీ ఇరవైకి నందిగామలో దిగాను. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లలా ఉంది, ఆ మాట బండావిడకు చెప్పాను కూడా. పాత హైవే వెనక వీధిలో నా జాబితాలోని మొదటి స్థలం ఉంది. నిరుడు చూసినట్టే ఉంది: కంపచెట్లు, విరిగిన గోడ, దాని మీద 'ఈ స్థలం కోర్టులో ఉన్నది' అన్న రాత. ఎదురింటి ముందు బియ్యం చెరుగుతున్న పెద్దావిణ్ణి అడిగాను.

"ఇది ఎప్పుడూ ఇంతేనా అమ్మా?"

"ఇంతే. అన్నదమ్ములిద్దరూ పోయారు, దావా మాత్రం బతికే ఉంది."

నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాను. పటం సరిగ్గా ఉంది. ఎవరి ముందైనా తలెత్తుకోగలననుకుంటూ పదిన్నరకు పల్లెవెలుగు ఎక్కాను. చిల్లకల్లు దగ్గర బస్సు హైవే వదిలి జగ్గయ్యపేట వైపు తిరిగింది. పదకొండున్నర దాటాక దిగి వాగు దారి పట్టాను. ఎండ మాడిపోతోంది. గొడుగు తెచ్చుకోనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

మలుపు తిరగగానే ఆగిపోయాను. నేను తెల్లగా వదిలేసిన చోటు నిజంగానే తెల్లగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరికి వెదురు కర్రల మధ్య తాళ్లు, తాళ్ల మీద లాడ్జీల దుప్పట్లు, ఫంక్షన్ హాళ్ల కుర్చీ కవర్లు. ఒక పక్క నర్సింగ్ హోముల ఆకుపచ్చ గుడ్డలు. మధ్యలో ఒక శామియానా గుడ్డను నేల మీద పరిచి అంచులకు రాళ్లు పెట్టారు. దాన్ని ఆరేయడానికి ఏ డాబా చాలదు. వాగు దగ్గర పెద్ద బానలో నీళ్లు మరుగుతున్నాయి. పదిహేను మంది దాకా పనిలో ఉన్నారు.

"పటం మేడమ్ వచ్చింది," అని ఎవరో అన్నారు. ఆ పిలుపు నాకు నచ్చలేదు.

యాభై ఏళ్లావిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఫోనులో విన్న గొంతే.

"నేను సర్వే చేసినప్పుడు ఇక్కడ ఏమీ లేదు. ఫోటోలు ఉన్నాయి," అన్నాను. మంచినీళ్లు అడగాల్సిన ఎండలో నా మొదటి మాట అది.

"చూపించండి," అంది సామ్రాజ్యం.

ఫోను తీశాను. ఫోటోలో ఒట్టి నేల, వాగు, ఒక కుక్క. మూల మీద సమయం ఉంది: ఉదయం ఆరూ పది. సామ్రాజ్యం అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది.

"ఆరింటికా? ఆరింటికి గుడ్డలు ఎవరారేస్తారే తల్లీ? అప్పటికి సూర్యుడే తడిగా ఉంటాడు."

"కనీసం కర్రలన్నా ఉండాలిగా? ఒక్క కర్ర లేదు."

"సాయంత్రం పీకి ఇంటికి మోసుకుపోతాం," అంది సామ్రాజ్యం. "వదిలేస్తే తెల్లారేసరికి ఎవరి పొయ్యిలోనో ఉంటాయి. పదింటికి తెచ్చి మళ్లీ పాతుకుంటాం. మా మామ కాలం నుంచీ అంతే." రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి నేల మీద చూపించింది. "ఇవేంటో చెప్పండి."

వరసగా కన్నాలు. అడుగడుక్కీ ఒకటి, తాడు పట్టి కొలిచినట్టు. నేను ఫీల్డు పుస్తకం తెరిచాను. అందులో నా అక్షరాల్లోనే ఉంది: నేల గట్టిది, ఎలుక కన్నాలు ఉన్నాయి.

అత్తగారు అడిగింది: "ఇంతకీ అంత పొద్దున్నే ఎందుకొచ్చావమ్మా?"

"ఎండ ముదరక ముందే పని అయిపోతుందని."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే నాకు సులువుగా ఉండేది. మా క్లాసంతా ఆ వేసవి పొద్దున్నే తిరిగింది. తొమ్మిదింటికి గదికి చేరి ఫ్యాను కింద రంగులు వేసుకున్నాం. ఈ చోటు ఏ ఎండ మీద బతుకుతోందో ఆ ఎండ నుంచే మేం తప్పించుకున్నాం.

"అభ్యంతరం రాశారా?" అని అడిగాను.

"రాయించాం. పటం ఉండగా మీ మాట చెల్లదని వెనక్కిచ్చారు."

టార్పాలిను నీడలో నాకు అన్నం పెట్టారు. మజ్జిగ, మామిడికాయ పచ్చడి. తిన్నాక అక్కడే కూర్చుని కాగితం తీశాను. అర్జీలు రాయడం నాకు కొత్త కాదు. హాస్టలు మెస్సు మీద, కరెంటు వాళ్ల మీద, ఆగకుండా వెళ్లిపోయిన బస్సు మీద రాశాను. ఎవరి తప్పు ఎక్కడ మొదలైందో రెండు వాక్యాల్లో చెప్పగలను. ఆ రోజు మాత్రం మొదటి వాక్యానికే మూడు కాగితాలు పోయాయి. చివరికి ఇలా రాశాను: 'ఈ పటం గీసినది నేనే. ఇందులో వాగు పక్క స్థలం ఖాళీ అని చూపినది నా పొరపాటు.' తర్వాత వాళ్ల పని వేళలు రాసి, తనిఖీకి వస్తే పదకొండు నుంచి నాలుగు మధ్య రావాలని కోరాను. తాళ్ల మీది బట్టలను ఫోటోలు తీశాను. సంతకం పెడుతుంటే సోమవారం గుర్తొచ్చింది. ఈ కాగితం ఫైల్లో చేరితే నా పదకొండు స్థలాలూ అనుమానంలో పడతాయి. పెన్ను పట్టుకుని కాసేపు ఆగాను. పక్కన సామ్రాజ్యం ఎండిన దుప్పట్లు మడత పెడుతోంది. సంతకం చేశాను.

దారిలో ఫోటోలు ప్రింటు తీయించి జత చేసి, మూడూ నలభైకి ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. అక్కడి అధికారి కాగితం రెండుసార్లు చదివాడు.

"మీ పటం చూసే కదండీ మేం స్టాండు అక్కడ పెట్టింది. ఇప్పుడు మీరే కాదంటే ఎట్లా?"

"కాదు కాబట్టే వచ్చాను."

"మార్కులు వచ్చేసుంటాయిగా, ఇంకెందుకండీ మీకీ ఎండలో తిరుగుడు? సోమవారం రండి, తీసుకున్నట్టు కాగితం ఇస్తాం."

"గడువు ఇవాళ అయిదింటి దాకా ఉంది. సీలు వేసేదాకా కూచుంటాను."

ఈసారి ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కున్నాను. సామ్రాజ్యం గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోమంటే, "మాకలవాటేనండి," అంది. రెండో కుర్చీ తెచ్చి ఆవిడ వెనక పెట్టాను. ఒక అంచు మీద కూర్చుంది. నాలుగూ యాభైకి సీలు పడింది. తనిఖీ చేశాకే నిర్ణయం అన్నారు. ఆ కాపీ సామ్రాజ్యానికి ఇచ్చాను. చదవడం రాదు గాని ఆవిడ సీలును వేలితో తడిమి చూసి, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

అయిదున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చిల్లకల్లు దాటాక హైవే మీద గాలి చల్లబడింది. సోమవారం ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నందిగామ ఇంకో పది నిమిషాల్లో వస్తుందనగా ఫోను మోగింది.

"అమ్మా, రేపు పొద్దున్నే చూడ్డానికొస్తారంట. ఆరున్నరకి. ఇప్పుడే కబురొచ్చింది."

"పదకొండు తర్వాత రమ్మని రాశాం కదా?"

"అదే అడిగా. ఎండ ముదరక ముందే చూసి పోతారంట."

కోపం తెచ్చుకుందామని చూశాను. నా నోటితో అన్న మాటే కాబట్టి రాలేదు.

"మీరేం చేస్తారు?" అన్నాను.

"ఏం చేస్తాం. చీకటినే లేచి తడిపి పరుస్తాం. ఆరకపోయినా కంటికి కనబడతాయిగా."

"వద్దు. రోజూ వచ్చే టైముకే రండి, రోజూ చేసేదే చేయండి. వాళ్లని పదకొండు దాకా నేను ఆపుతా."

"వాళ్లు ఆగుతారా అండి?"

"నేను వదలను. మా కాలేజీలో ఎవర్నడిగినా చెబుతారు."

సామ్రాజ్యం ఆ రోజు మొదటిసారి నవ్వింది. "అయితే మా ఇంట్లో పడుకోండి. పచ్చిపులుసు చేస్తా."

నందిగామలో లేచాను.

"విజయవాడ అన్నారుగా మేడమ్?" అన్నాడు కండక్టరు.

"అన్నాను. పని మిగిలింది."

ఆరున్నర కావస్తుండగా రోడ్డు దాటి జగ్గయ్యపేట వైపు బస్సుల కోసం నిలబడ్డాను. ఆ దారిలో బస్సులు తరచుగానే ఉంటాయి. ఈ ఊళ్లు చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే వచ్చి చల్లపూట తిరిగి వెళ్లిపోకండి. గొడుగు తెచ్చుకుని మధ్యాహ్నం రండి. రెండేళ్ల చదువులో ఊరిని ఏ రంగుల్లో గీయాలో నేర్పారు గాని, ఏ పూట చూడాలో ఎవరూ చెప్పలేదు. సోమవారం సమీక్షలో ఆ ఫిర్యాదు చేస్తాను. తప్పు చేసినవాళ్ల జాబితాలో మొదటి పేరు నాదే పెడతాను.