అడుగురేకు మీద నంబరు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన పని ముగించగానే అడుగురేకు మీద మేకుతో తన ఫోన్ నంబరు గీస్తాడు. కాగితమైతే పారేస్తారట. కొట్లో సిగ్నలు అంతంతమాత్రం. ఫోను మోగితే స్టూలెక్కి, పైకిటికీ వైపు మెడ చాచి మాట్లాడతాడు. సిమ్ము కంపెనీ మార్చమని భార్య ఎన్నేళ్లు పోరినా, నంబరు పోతుందని మార్చలేదు. చివరికి ఆవిడే సిమ్ముల షాపుకి లాక్కెళ్లింది. "నంబరు మీదే బాబాయ్, కంపెనీ ఒక్కటే మారుతుంది," అంది కౌంటర్లో అమ్మాయి. ఆయన మూడుసార్లు అడిగి గాని సంతకం పెట్టలేదు.

మారిన రోజు ఫోను మోగగానే అలవాటుగా స్టూలెక్కాడు. "పన్నెండేళ్ల కిందట మా అమ్మ మిషను మీద గీసి ఇచ్చారు. ఈ నంబరు ఇంకా మీదేనాండీ?" అని అడిగిందెవరో.

"నాదేనమ్మా," అన్నాడు మెల్లగా.

"ఇప్పుడు కిందా వినిపిస్తుంది, దిగండి," అంది భార్య.

"ఉండవే, లైను పోతుందేమో," అని ఆయన మునివేళ్ల మీద ఇంకాస్త లేచాడు.